లాంప్‌రూం కప్పు

ఈ నోటుబుక్కులు పదకొండు.
మొదటిదానికి అట్ట లేదు. అందుల రాత మా నాయనది,
అక్షరాలు తెలుగు, అంకెలు ఉర్దూ.
"ప్రైజు: యాట ఒకటి" అని రాసి కొట్టేసిండు.
కింద: "యాట తప్పిపోయింది. గొంగడి ఇచ్చినం."

అప్పుడు బెల్లంపల్లిల మూడు షిఫ్టులు
ఒకరి మొకం ఒకరు ఎరుగకుంట బతికినయి.
ఒకడు ఎక్కుతుంటే ఒకడు దిగేది,
అందరి మొకాలకు ఒక్కటే రంగు.
నాయన దీపాలు పంచేటోడు,
ఇత్తడి బిళ్ల నంబరు చూసి మనిషిని పోల్చేటోడు.
వీళ్లను ఒక్కపారి ఎండల నిలబెడితే ఎట్లుంటదని
లాంప్‌రూం వెనుక సున్నంతోటి గీతలు గీసిండట.
షిఫ్టుకు ఏడుగురు. కబడ్డీ.
రెఫరీ లేడు గని, మైనింగ్ సర్దార్ కాడ ఈల ఉండె.

రెండో బుక్కుల ఆరెల్లి ఓదెలు వస్తడు.
రాత్రి షిఫ్టు. బక్కపానం.
కూత మాత్రం బొగ్గు బంకర్ దాక వినొచ్చేది.
పేరు పక్కన నాయన రాసిండు:
"ఊపిరి, నలభై రెండు."
సెకండ్లో, అంగలో, అడగలేదు నేను.

సమ్మె యేడు ముప్పై ఒక్క టీం.
జీతాల్లేవు, బనీన్లు సినుగుడు ఆగలేదు.
టైలర్ గఫార్ గీత పక్కనే మిషను పెట్టుకొని
పైసలు తర్వాత అన్నడు.
ఆ తర్వాత ఇంకా రాలేదని
ఆయన బిడ్డ ఇప్పటికీ అంటది, నవ్వుకుంటనే.

ఇగ నాలుగో బుక్కు, ఇరవై ఆరో పేజీ.
ఆదివారం. ఫైనల్.
పందొమ్మిది, పందొమ్మిది.
ఓదెలు కూతకు పోయిండు.
ముగ్గురు మీద పడ్డరు, చెయ్యి గీత దిక్కు సాగింది,
సైరన్ కూసింది.
షిఫ్టు కూత అయితే ఆగుతది. ఇది ఆగలేదు.
పద్నాలుగు మందీ ఉత్త కాళ్లతోని బాయికి ఉరికిండ్రు.
నాయన పెన్సిలు నా చేతుల పెట్టి
దీపాలియ్యనీకి ఉరికిండు.
నాకు పన్నెండేండ్లు.
ఆదివారమైనా పంపుల కాడ మనుషులుండాలె.
గెలిస్తే ఇచ్చే కప్పు బల్ల మీద,
కూలిన కప్పు కింద ఇద్దరు.

గా గడి ఖాళీగనే ఉంది.
ముప్పై తొమ్మిదేండ్ల సంది పంచాయితీ తెగలేదు,
గీత ముట్టిండా, లేదా.
ముట్టిన అంటడు ఓదెలు.
కాలు వట్టిన దుర్గం రాజలింగు పోయేదాక
"గోరు మందం తక్కువుండె" అన్నడు.
రాజలింగు మనుమడు తన గోరు సూపెట్టి మరీ అంటడు.
వాడు పుట్టింది ఆ తర్వాత పద్దెనిమిదేండ్లకు.

పైసలిచ్చి పని మాన్పిచ్చిన ఏండ్లల్ల
పేజీలు సన్నగైనయి.
ఒక యేడు ఏడుగురు దొరకక ఐదుగురితోని ఆడినం.
రాయనీకి సిగ్గైంది. రాసిన.
తర్వాత ఓపెన్‌కాస్టు వచ్చి మైదానాన్ని తవ్వుకపోయింది.
గీతలున్న జాగ ఇప్పుడు గాలిల ఉంటది,
కింద మూడువందల అడుగుల బొంద.
ఎప్పుడన్న అటు పోతే తలెత్తి
కొలతలు చూసుకుంట: పదమూడు, పది.

ఇప్పుడు బస్టాండ్ వెనుక ఆడుతున్నరు.
డంపర్లు తోలే జార్ఖండ్ పిల్లలది ఒక టీం.
జూనియర్ కాలేజీ ఆడపిల్లలది ఇంకోటి,
వాళ్లు గొంతుతోని కాదు, కడుపుతోని కూస్తరు.
చూస్తే నాకు ఎవరో యాదికొస్తరు, పేరు చెప్పను.

ఓదెలు కుర్సీ తెచ్చుకొని గీత మీదనే కూసుంటడు.
లోపల దుమ్ము, మెట్టు ఎక్కలేడు.
పోయిన నెల నా చెయ్యి పట్టుకున్నడు:
"బిడ్డా, గా గడిల ఒక్క అంకె ఎయ్యరాదు."
గది నాయన బుక్కు, నేను ముట్ట అన్న.
ఈ యేటిదాంట్ల కావాల్నంటే కూత పెట్టు, రాస్త.
నవ్విండు. దగ్గిండు. కుర్సీ పట్టుకొని లేచిండు.
కబడ్డి, కబడ్డి, కబడ్డి, కబ

పదకొండో బుక్కు, తొమ్మిదో పేజీ, అంచుకు:
"ఊపిరి, నాలుగు."
దాని కింద:
"సున్నం రెండు బస్తాలు. పైసలు ఇంకా ఇయ్యలేదు."