కొలత దారం

చౌరస్తా దాటి స్టేషన్ రోడ్డుకు మళ్లంగనే
జహీరుద్దీన్ గడియారాల దుకాణం.
ఇద్దరు నిలబడితే మూడో మనిషి బయటే.
నేను మూడో మనిషినై అర్ధగంట నిలబడ్డ.

"ఏం గావాలె భిక్షపతీ?"
"పలకల గడియారం. గుండ్రంది వద్దు."
ఎందుకని అడగలే. మంచోడు.
అడిగితే చెప్పేటోణ్నే:
ముప్పై ఎనిమిదేండ్లు కొత్తవాడ గుంటమగ్గంల కాళ్లు పెట్టి
నాలుగు మూలలదే నేసిన.
మూల సక్కగుంటేనే జంపఖానా,
లేకుంటె పేలిక.
గుండ్రం నాకు చేతగాదు, నమ్మబుద్ధి గాదు.

అద్దం మీద ఎర్ర మఖ్మల్ గుడ్డ పరిచి
మూడు పెట్టిండు.
పెద్దది అగ్గిపెట్టెంతుంది.
కట్టుకుంటె చేయి కనబడలే, గడియారమే కనబడ్డది.
దాని చెవులు రెండు దిక్కుల మణికట్టు దాటి
చూరు లెక్క బయటికొచ్చినయి.
"ఇప్పటి పోరగాండ్లు గిదే అడుగుతరు" అన్నడు.
"పోరగాండ్ల చేతులు వేరు" అన్న.

నాడె గుంజి గుంజి నా కుడి చేయి లావు.
ఎడమది సన్నం.
ఒక్క మనిషివే రెండు చేతులు,
అన్నదమ్ములు గాదన్నట్టు.

జేబుల ఎప్పుడూ ఓ ఎర్ర పోగుంటది.
తీసి ఎడమ మణికట్టుకు చుట్టిన, ముడేసిన.
జహీరుద్దీన్ స్కేలు మీద పెట్టి చూసిండు.
ఆరుంబావు ఇంచులు.
"గుండ్రందైతే ఒక్క అంకె చాలు.
పలకల దానికి రెండంకెలు.
అడ్డం తక్కువున్నా నిలువు ఎక్కువైతె మోసం జేస్తది.
మూలలుంటయి గదా,
కాగితం మీద చిన్నగుంటది, చేతి మీద పెద్దగైతది."
ఆ ముచ్చట నాకు చెప్పాల్నా?
జానెడు ఎక్కువ నేస్తె
గది గదే చిన్నబోతది.

చిన్నది మరీ చిన్నది.
నడిమిది పెట్టుకున్న.
ముప్పై మూడు నిలువు, ఇరవై అయిదు అడ్డం,
మిల్లీమీటర్లట.
తెల్లటి ముఖం. రోమన్ అంకెలు
సన్నటి పుల్లల లెక్క నిలబడ్డయి,
మూలలకాడియి మాత్రం కొంచెం వంగినయి,
ఫోటో కోసం గుంపుల సర్దుకున్నోళ్ల తీరు.
సెకన్ల ముల్లు లేదు. అడిగిన.
"పెండ్లికి పోయేటోనికి సెకన్లెందుకు?"
చొక్కా చేయి కిందికి గుంజిన,
మెల్లగ లోపలికి పోయింది.
చేయి లేపితేనే మళ్ల కనబడ్డది.
గదీ కొలత.

తోలు పట్టీకి ఆఖరి చిల్లు కూడా వదులే అయింది.
దబ్బనం దీపం మీద కాల్చి
ఇంకో చిల్లు పొడిచిండు, నా ఒక్కని కోసం.
ఇన్నేండ్లల్ల
నా కొలతకు ఎవరన్న ఏదన్న చేసుడు
గదే మొదలు.

ధర చెప్పను. సుగుణకు సగమే చెప్పిన.
"ఆడోళ్ల గడియారం లెక్కుంది" అన్నది.
అని, తనే పెట్టుకోని చూసుకున్నది
అద్దం ముంగట, రెండుసార్లు.

మాకు గంటలేడియి?
కూలి గజాల మీద.
పొద్దు దిగేటాల్లకు ఎంత నేసినమో గదే టైం.
మరెందుకు కొన్నవంటె జవాబు లేదు.
సొసైటీ మీటింగుకొచ్చిన ఆఫీసరు సారు
నేను నేసిన అంచు మీద ఒకసారి చేయి పెట్టిండు,
ఆయన చేతి మీద ఇంకో చిన్న జంపఖానా ఉన్నది,
అంచు గీతతోని సహా.
గంతే.

మగ్గం మీద కూసునేటప్పుడు తీసి మేకుకు తగిలిస్త.
పొద్దుగాల కీ ఇస్త, గట్టి పడంగనే ఆపుత.
పోగు కూడా గంతే,
ఇంకొంచెం గుంజితె తెగుతది.

ఆ కొలత దారం పారేయలే.
ముడి విప్పి
ఎర్ర పట్టెల కలిపి నేసేసిన.
యాడ మొదలైందో, యాడ అయిపోయిందో
నాకే దొరకది.
మొన్న ఐతారం అది కరీంనగర్ బేరగానికి పోయింది.
ఎవలింట్లనో పరుస్తరు.
చెప్పులిడిసి ఎవరో
నా మణికట్టు మీదికెల్లి నడుస్తరు,
టైం ఎంతయిందని
ఒకర్నొకరు అడుక్కుంట.