లేకపోతే తొమ్మిదికి వెళ్ళు

బ్యారేజీ గేట్లు దించిన మర్నాడు
సీతానగరం వైపు రాళ్ళ సందుల్లో
కృష్ణ మడుగులు మడుగులుగా మిగిలిపోతుంది.
నాంచారమ్మ గంప దించి
గుప్పెడు జెల్లల్ని నా ట్రేలోకి దులిపింది.
"డబ్బులొద్దులే. ఇయ్యెవరూ కొనరు, ముళ్ళెక్కువ."

ల్యాబులో, తడిగుడ్డ మీద
బొటనవేలంత ప్రాణి.
ప్రాణి అనకూడదు. నమూనా అనాలి.
పక్కన అట్ట ఊడిన గుర్తింపు పుస్తకం.
దానికి తెలిసింది ఒకటే విద్య:
ప్రతి మలుపులో రెండు దారులు, మూడోది ఉండదు.

మీసాలున్నాయా? ఉంటే రెండుకి వెళ్ళు,
లేకపోతే తొమ్మిదికి వెళ్ళు.
ఉన్నాయి. నాలుగు జతలు.
ఒళ్ళు నున్ననా, పొలుసులా?
నున్నన.
వీపు మీది కొవ్వు రెక్క పొడుగా, పొట్టా?
స్కేలు పెట్టాను. పొడుగే.
పైదవడ మీసం తోక దాకా చేరుతుందా,
నడుమ దగ్గరే ఆగిపోతుందా?

చేరీ చేరనట్టుంది.

రెండు దారుల మధ్య గట్టు మీద
నేనూ చేపా మధ్యాహ్నం దాకా కూచున్నాం.
యోబు మాస్టారు భూతద్దం దించి అన్నారు:
"లాటిన్ కూడా మనలాంటిదే తల్లీ,
ముందు ఇంటిపేరు, తర్వాత పేరు.
తెలిసిన ఇంటిపేరు రాయి.
పేరు దగ్గర ఖాళీ వదిలెయ్యి.
ఖాళీ తప్పు కాదు. దొంగపేరు తప్పు."

సాయంత్రం మొగల్రాజపురంలో
టు-లెట్ బోర్డున్న గేటు కొట్టాను.
"ఇంటిపేరేంటమ్మా?"
చెప్పాను.
ఆవిడ కళ్ళు రెండో ప్రశ్నకి వెళ్ళాయి.
"ఏ ఊరు? ఊళ్ళో ఎటువైపు?"
మూడోది: "నీచు తింటారా?"
నాలుగోది కాస్త గొంతు తగ్గించి:
"మీరేమిట్లు?"

స్కేలు లేదు, భూతద్దం లేదు,
ఒక్క ముల్లైనా లెక్కపెట్టలేదు,
నిమిషంలో చివరి పేజీకొచ్చేసింది.
"మొన్ననే ఎవరో అడ్వాన్సిచ్చారమ్మా."
బోర్డు మాత్రం గాలికి ఊగుతూనే ఉంది.
బస్టాండు దాకా నడుస్తూ
వేళ్ళు వాసన చూసుకున్నాను: ఫార్మలిన్.
చేప వాసన అనుకుందేమో. అనుకోనీ.

తెల్లారి మళ్ళీ రాళ్ళ దగ్గర
సీసా చూపిస్తే నాంచారమ్మ నవ్వింది.
"రెండు రకాల్ని ఒకే డబ్బాలో ఏశావేంది?
ఇది బురదనీళ్ళకొస్తది. అది తేటనీళ్ళకొస్తది.
ఇది పట్టుకుంటే గురక పెడుద్ది. అది పెట్టదు."

పుస్తకమంతా వెతికినా
గురక గురించి ప్రశ్న లేదు.
సీసాలోవి గురక పెట్టవు కదా.

సిరా స్పిరిటులో కరిగిపోతుందని
చీటీ మీద పెన్సిలుతోనే రాశాను:
చోటు, తేదీ, నీళ్ళ రంగు.
పట్టింది: నాంచారమ్మ.
వేరు చేసింది: నాంచారమ్మ.
పేరు దగ్గర ఖాళీ.

చేప గీరుతూ గీరుతూ ఆమె కూడా అడిగింది,
"ఇంతకీ మీరేమిట్లమ్మా?"

నిన్న గేటు దగ్గర తట్టని జవాబు
ఇప్పుడు తట్టింది.
"వెన్నెముక ఉన్నోళ్ళం, నాంచారమ్మా."

అర్థం కాలేదో, అయ్యిందో,
కత్తి పక్కన పెట్టి నా వంక చూసింది.
తర్వాత గంపలోంచి బతికున్నదొకటి తీసి
ముల్లు గుచ్చుకోకుండా నా అరచేతిలో పెట్టి
వేళ్ళు మూసింది.

"ఇను," అంది.