పదకొండు గడులు

సోహార్‌ల శుక్రారం పొద్దుగాల
పరోటా కొట్టు పక్కన ఎక్స్‌చేంజి షట్టర్ లేవకముందే
క్యాంపోళ్ళు నా చుట్టూ మూగుతరు.
ఇంటర్ ఫెయిలైనోణ్ణి,
ఈడ మాత్రం నేనే రాతగాణ్ణి.

పదకొండు గడులుంటయి స్విఫ్ట్ కోడ్‌కు.
ముందు నాలుగు బ్యాంకు పేరు.
ఎనక రెండు మన దేశం.
గంత దేశం రెండక్షరాలల్ల ఒదిగి కూసుంటది
లేబర్ బస్సుల ముగ్గురి సీటు మీద ఐదుగురం కూసున్నట్టు.
తర్వాత రెండు ఊరివి. అంటే మన ఊరివి కావు,
బ్యాంకుకు తెల్సిన ఊరివి.
ఆఖరి మూడు బ్రాంచివి.

బ్రాంచికి కోడ్ లేకుంటే మూడు ఇంటూలు పెట్టాలె.
"తప్పు రాసినవా ఏంది?"
అదిరిపడ్డడు ఆశాలు మొదటిసారి.
బడిల వాని పలక మీద సారు పెట్టినయన్నీ ఇంటూలేనట.
"తప్పు కాదే, హెడ్డాఫీసు" అన్న.
అప్పటిసంది నెలనెలా గా మూడు గడులు తనే నింపుతడు,
నాలుక కొస బయటపెట్టి,
పైపుకు అతుకేసినంత నెమ్మదిగ.

ఒకపాలి దేశం కోడ్‌ల ఐ అక్షరం
నా చేతిల ఒకటి అంకె లెక్క పడ్డది.
డెబ్బై రియాళ్ళు తొమ్మిది దినాలు ఏడ తిరిగినయో,
ఎవలి గుమ్మం కాడ నిలబడ్డయో,
నాలుగు తక్కువై తిరిగొచ్చినయి.
ఆశాలు తిట్టలే.
"దారి ఖర్చు" అన్నడు.
ఆ రాత్రి బంకు మీద పండుకొని
వాని కోడ్ కంఠతా పట్టిన.

జూన్‌ల, ఆయిల్ ట్యాంకు మీద, ఎండకు పడ్డడు.
పెట్టె మీద ఊరి పేరు పెద్దక్షరాలతో రాసిన్రు.
గది నన్ను అడగలే.

నలభై దినాలకు ఆఫీసు నుంచి పిలుపు.
బల్ల మీద లెక్క తేలిన కాయితం.
వాని ఫోన్ తెరుచుకుంటలేదట,
ఖాతా నంబరుంది,
పదకొండు గడులు ఖాళీ.
మలయాళీ గుమస్తా కలం పట్టుకొని నా మొఖం చూస్తుండు.

నిలబడే చెప్పిన.
దేశం కాడ "ఐ, ఒకటి కాదు" అని రెండుసార్లు చెప్పిన.
ఎనిమిదోది దాటినంక గొంతు పట్టింది.
ఇంటూ, ఇంటూ, ఇంటూ.
టకటకా గీకేసిండు గుమస్తా.
వాడైతే ఇంకా మొదటి గీత కాడనే ఉండెటోడు.

"నీకేమైతడు?"
ఏం చెప్పాలె.
"ఫారం నింపుత" అన్న.