సిర్కా గుడ్లు

శుక్రవారం పొద్దుగాల మెస్సుల
మనిషికి రెండు గుడ్లు లెక్క.
నైట్ డ్యూటీ నుంచి వచ్చి పండుకున్నోళ్లు లేవరు.
లేవనోళ్ల గుడ్లు గూడ
లేచినోళ్ల గుడ్లతోనే ఉడుకుతయి.

పదింటికి మిగిలినయి ఇరవై మూడు.
"నల్ల కవర్ల ఎయ్యి" అంటడు కుంజుమోన్ సార్.
అని, గోడ మీది మెనూ దిక్కు తిరుగుతడు.
వారం వారం మారని ఆ కాయిదాన్ని
అంతసేపు ఏం చదువుతడో.

ఓదెలు పసుపు హెల్మెట్ల
గుడ్లు మోసుకొచ్చిండు, రూమ్ నంబర్ పద్నాలుగుకు.
ఇనుప రాడ్ల కింద నడిచేటప్పుడు గూడ
గంత జాగ్రత్తగ నడువడు వాడు.

పొట్టు తీస్తుంటే
తెల్లగ, పలుచగ పొర లేస్తది.
"నా మెడ గూడ గిట్లనే లేస్తది" అన్నడు కొమురెల్లి.
అందరం నవ్వినం.
వాడొక్కడు మెడ తడుముకున్నడు.

రూముల పొయ్యి మనా.
బియ్యం కుక్కర్ల సిర్కా పోసిన,
సగం నీళ్లు, రెండు చెంచాల ఉప్పు,
పొట్టు తియ్యని ఎల్లిగడ్డలు
(తీసే ఓపిక ఎవ్వలికి లేదు),
చిటికెడు మెంతులు, ఆవాలు.
కారం మా అక్క దంచి పంపింది,
సంచి మూలలకు వేలు పెట్టి తోడితే
చెంచా నిండలే.

మసిలేసరికి ఘాటుకు ఆరుగురికీ కండ్ల నీళ్లు.
తలుపు కింద దుప్పటి కుక్కినం.
వాచ్‌మన్ వచ్చి తలుపు కొడితే
"పడిశం పట్టింది" అన్నడు ఓదెలు ముక్కుతోనే.
ఆరుగురికా, అన్నడు వాచ్‌మన్.
ఆరుగురికే.

గుడ్లకు గాట్లు పెడదమంటడు ఓదెలు,
లేకుంటే లోపలికి దిగదంట.
నేను పెట్టనియ్యలే.
పులుపుకు తొవ్వ తెలుసు,
మనం కత్తి పట్టుకొని చూపియ్యద్దు.

పాత జైతూన్ సీసల నింపి మూత బిగించిన.
చీటీ మీది అరబ్బీ ఎవ్వలకు రాదు, పీకలే.
మూత మీద మార్కర్‌తోని తారీఖు రాసిన:
మంగళవారం దాకా ముట్టద్దు.

ఇక్కడ తారీఖులన్నీ వేరేటోళ్లయి.
పతాక అయిపోయే తారీఖు,
జీతం పడతదన్న తారీఖు,
టికెట్ ఇస్తమని ఇయ్యని తారీఖు.
అన్నిటి కోసం ఆగినం, నోరు మూసుకొని.
గీ సీస కోసం ఆగుడు మాత్రం
మేం పెట్టుకున్నది.
సోహార్ పోర్టుల క్రేన్ల కింద గూడ
గా మంగళవారం యాదికొస్తే
నోట్ల నీళ్లూరుతుండె.

సోమవారం పొద్దుగాల ఫ్రిజ్ తెరిస్తే
సీసల మట్టం వేలెడు దిగింది.
లెక్కపెడితే ఇరవై రెండు.
మూత మీద, నా తారీఖు కింద,
వంకర అక్షరాలు:
"ఇంకా ఎక్కలే."

ఎవ్వలని అడుగలే.
ఆరుగురి చేతి రాతా వంకరే.

మంగళవారం రాత్రి ఖుబూస్‌తోని తిన్నం.
అంచులు ఇటుక రంగు తిరిగినయి,
సొన మాత్రం పసుపుగనే, మొండిగ.
కొమురెల్లి కొరికి, కండ్లు మూసి,
"ఎక్కింది" అన్నడు.
అందరం వాని దిక్కు చూసినం.

మనిషికి మూడు. మిగిలిన నాలుగు
స్టీలు గిన్నెల పెట్టి కుంజుమోన్ సార్‌కిచ్చిన.
ఏందని అడుగలే.
మెనూ దిక్కు తిరిగి, నిలబడే తిన్నడు.

సీసల ఎర్ర సిర్కా మిగిలింది.
పారబొయ్యలే.
వచ్చే శుక్రవారం
ఎంతమంది లేవరో చూడాలె.