ఎడం చివరాయన

కసాపురం రోడ్డులో ఫంక్షన్ హాలు.
ఏడున్నరకు మొదలన్నారు, తొమ్మిదికి పెండ్లికూతురు వచ్చె.
అప్పటికే స్టేజీ మెట్ల కాడ
గుంతకల్లు జంక్షన్ మొత్తం క్యూ కట్టింది:
గార్డులు, గ్యాంగ్‌మెన్లు, బుకింగ్ కౌంటర్ మేడమ్‌లు,
డ్యూటీ దిగి యూనిఫారంతోనే వచ్చిన పాయింట్స్‌మన్,
రిటైరైనా ఇంకా బెర్తులు లెక్కపెట్టినట్టు
జనాన్ని చూసే టీసీ ఒకాయన.
అందరి చేతుల్లో కవర్లు,
కవర్ల మీద అతికించిన రూపాయి బిళ్ళ.

ఒక్కో గుంపుకు నాకు దక్కేది మూడు క్షణాలు.
"అన్నా, రవ్వంత లోపలికి. అక్కా, కొంగు.
పాపను ముందరికి తోయండి. ఇట్ల సూడండి."
ఫ్లాష్.
నవ్వు మొగం దిగకముందే
వాళ్ళు మెట్లు దిగిపోతారు
భోజనాల దిక్కుకు.

ఇరవై రెండేండ్లుగా ఇదే పని.
పెండ్లికొడుకును ఎవురైనా తీస్తారు,
లైటంతా ఆయన మీదనే,
ఫోకస్ దానంతట అదే పోయి కూర్చుంటాది.
నా కన్ను మాత్రం చివరకు పోతాది,
సగం భుజం తెగిపోయేట్టు నిలబడినోళ్ళ మీదికి.
ఎందుకంటే
ఆల్బమ్ తీసుకపోయినోళ్ళు మళ్ళా నా షాపు మెట్లెక్కరు.
ఎక్కేది ఆ చివరోళ్ళ ఇండ్ల నుంచి ఎవురో ఒకరు,
దినానికి ముందర, గడ్డం పెరిగిన మొగంతో.
"అన్నా, పోయిన మాఘంలో రిసెప్షన్‌కు
మా నాయన ఎడం చివర నిలబడినాడంట.
ఇంట్లో వేరే ఫోటో లేదు.
ఆధార్ కార్డులోది మా నాయన మాదిరే లేదు."

అప్పుడు కత్తిరిస్తా.
పెండ్లికూతుర్ని కత్తిరిస్తా, పూల ఆర్చీని,
సోఫాకు అటూ ఇటూ ఉన్న బంగారు సింహాలను.
భుజం మీద మిగిలిపోయిన ఎవురిదో జడ తీసేసి
వెనక ఆకాశం రంగు నింపుతా.
ఎవురి పెండ్లిదో ఆ వెలుగు మాత్రం
మొగం మీద నుంచి తీసేదానికి రాదు.

వెల్డర్ ఓబులేసు కొడుకు వచ్చిన పొద్దు
హార్డ్ డిస్క్ అంతా వెతికినా.
ఏడు రిసెప్షన్లు, ఏడు ఫోటోలు,
ఏడింట్లోనూ కండ్లు మూసుకున్యాడు.
లోకో షెడ్డులో ముప్పై ఏండ్లు మంట కాసుకున్న రెప్పలు,
నా ఫ్లాష్‌ను కూడా దాని జాతిదే అనుకున్యాయో ఏమో.

ఆఖరికి ఒకటి దొరికె.
నేను తీసింది
ఐస్‌క్రీమ్ కారిపోతా పరిగెత్తే పిల్లోణ్ణి.
వాని వెనక, రవ్వంత మసకగా, ప్లేటు పట్టుకోని
ఓబులేసు కండ్లు తెరిచి నవ్వుతాండాడు
పక్కకు చూసి.
తెల్ల చొక్కా మీద గుత్తొంకాయ మరక.
మరక మీద, కర్చీపుతో, ఒక ఆడమనిషి చెయ్యి,
మోచేతి కాడికి.
మిగతా మనిషి ఫ్రేములో లేదు.

"ఆ చెయ్యి తీసెయ్ అన్నా" అన్యాడు కొడుకు.
మౌస్ కదిలిస్తాంటే
స్టూలు మీద కూర్చున్న వాళ్ళమ్మ లేచి వచ్చి
స్క్రీనుకు మొగం ఆనేంత దగ్గరగా చూసె.
"ఎవురిదప్పా ఆ చెయ్యి?"
నేను పలకలేదు. కొడుకూ పలకలేదు.
ఆమె తన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకోని
"నాదే" అనె.
"ఆ పొద్దు ఎంత తిట్టినానో.
కొత్త చొక్కా, మడత కూడా నలగలేదు.
తిట్టేకొద్దీ నవ్వె."

బయట గూడ్సు పోతాంటే
షాపు అద్దాలు శానాసేపు అదిరె.
అది పోయినాక,
"చెయ్యి ఉండనీ నాయనా.
మరక తీసెయ్."

తీసేసినా,
తెలుపు మీద తెలుపు పూసి, ఒక్కో చుక్కా.
ఇప్పుడు వాళ్ళింట్లో, బీరువా పైన,
దండ లోపల ఓబులేసు నవ్వుతాంటాడు.
మచ్చలేని చొక్కా మీద
లేనిదాన్ని తుడుస్తానే ఉంటాది
మోచేతి కాడికి
ఒక చెయ్యి.