తడిగుడ్డ

నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి
కిటికీ గట్టు మీద మళ్ళీ అదే.
పోర్టు నాకంటే ముందే వచ్చి కూర్చుంది,
సన్నటి నల్లపొడిగా.
ఇందుజ రోజూ దాని మీద వేలితో పేరు రాస్తుంది.
గట్టు చిన్నది,
'జ' దగ్గరకొచ్చేసరికి చోటు చాలదు.

నిన్న బడి నుంచి ఒక మాట మోసుకొచ్చింది:
ఇంట్లో కూడా యోగా చెయ్యాలట, ప్రశాంతమైన చోట.
"మనింట్లో ఆ చోటెక్కడుంది నాన్నా?"
అది అడుగుతుండగానే
కింద వెల్డింగు షాపువాడు షట్టరెత్తాడు,
నేవీ విమానం ఒకటి డాబాని గీరుకుంటూ పోయింది.
నాకు ఏడేళ్ళ పిల్ల చేతిలో
అప్పుపత్రం చూసినట్టయింది.

జ్ఞానాపురంలో ఒక గదీ, ఒక వంటిల్లూ.
అందులోంచి ఒక చోటు తియ్యాలి.

ఇవాళ ఆదివారం. నిద్ర తర్వాత.
ముందు మంచాన్ని గోడకి నిలబెట్టాను.
టీవీ మీద పాత చీర కప్పితే
చిన్నోడు మోక్షిత్ వచ్చి చూసి
"చచ్చిపోయిందేటి?" అన్నాడు.
నిద్దరోతోందిరా, అన్నాను.
కిర్రుమనే ఫ్యానుకి రెండు చుక్కల కొబ్బరినూనె.
కారే కుళాయి కింద బకెట్లో ఒక గుడ్డపేలిక,
చుక్క పడినా చప్పుడు కాకుండా.
నేల మూడుసార్లు తుడిచాను.
మూడోసారి పిండితే నీళ్ళు బూడిదరంగులోకొచ్చాయి.
అంతకంటే తెల్లబడవు. నాకు తెలుసు, ఆ బొగ్గు నేనే దించాను.

ఎలక కొరికిన మూల గోడవైపు తిప్పి
తుంగచాప పరిచాను.
సునంద గుమ్మంలో నిలబడి అంతా చూసింది.
"అన్నీ బాగానే సర్దావు.
మరి నీ గొంతో?"

ఇరవై రెండేళ్ళు క్రేను మోత మీదుగా అరిచిన గొంతు.
ఉప్పందుకోమన్నా
పిల్లలు కంచం ముందు ఉలిక్కిపడతారు.
దీనికి కొబ్బరినూనె ఎక్కడ పొయ్యాలో
ఎవరూ చెప్పలేదు.

ఏం మాట్లాడకుండా చాప మీద కూర్చున్నాను.
పిల్లలు చెరో పక్క.
"అలా బిగబట్టేశావేటి నాన్నా? ఒగ్గెయ్,"
అంది ఇందుజ, టీచరమ్మలా.
ఒగ్గడమెలాగో నాకు ఒకటే భాషలో వచ్చు.
ఎత్తమంటే హబేస్, దించమంటే ఆరియా.
రేవులో ఆ మాటలు అరుపులే,
ఓడ అడుగున ఉన్నోడికి వినబడాలి కదా.
ఇక్కడ మొదటిసారి గుసగుసగా అన్నాను:
గాలి లోపలికి... హబేస్.
మెల్లగా బయటికి... ఆరియా, ఆరియా,
కింద గాజుసామాన్లున్నాయి, చూసుకుని.

మోక్షిత్ కిసుక్కున నవ్వాడు.
తర్వాత వాడి పొట్ట కూడా ఎత్తింది, దించింది.
ఎనిమిది లోడ్లు లెక్కపెట్టాను.
తొమ్మిదో లోడు మధ్యలో వాడు లేచి
బొమ్మ లారీ కోసం పోయాడు.
అరవబోయి
నోట్లోనే ఆపుకున్నాను. అది కాస్త కష్టమైంది.

వెల్లకిలా పడుకోవాలట ఇప్పుడు,
చేతులు వదిలేసి, కాళ్ళు వదిలేసి.
దీనికేదో ఆసనం పేరు చెప్పింది,
సగమే విన్నాను.

ఎంతసేపయిందో.
వంటింట్లోంచి పోపు వాసన.
కళ్ళు తెరవకుండానే తెలిసింది,
నా పొట్ట మీద ఏదో బరువు,
నాలుగు చక్రాలది,
ఎక్కుతోంది, దిగుతోంది.
కింద వెల్డింగు అలాగే కొడుతోంది.
గదిలో మాత్రం
ఇద్దరు పిల్లలు ఊపిరి కూడా చప్పుడు కాకుండా కూర్చున్నారు.
సునంద ఏదో పిలవబోయినట్టుంది,
"ష్," అన్నాడు మోక్షిత్,
"లోడు దిగుతోందే అమ్మా."