తేమ పదిహేడు

మిర్యాలగూడ బైపాసు పక్క మిల్లుల
నా కుర్చీకి ఎదురుంగ ఒక తెర.
తెర నిండ డబ్బలు, డబ్బకూ డబ్బకూ నడుమ గీతలు.
ట్రాక్టరు కాంట ఎక్కంగనే మొదటి డబ్బ లేస్తది,
అది రెండోదాన్ని లేపుతది,
ఆఖరుది పోయి రైతు ఫోన్ల మోగుతది.
మనిషి చెయ్యి పడకుండ నడిచే పని అని
వచ్చినోళ్లందరికీ సేటు చూపిస్తడు.

అన్నిటికీ పైన, ఏ గీతకూ దొరకకుండ,
ఒక మాట కూసుంటది: తేమ.
పక్కన ఒక అంకె: పదిహేడు.
గేటు దాన్నే అడుగుతది.
డ్రయరు దాన్నే అడుగుతది.
కోత ఎంత పెట్టాల్నో బిల్లు గూడ దాన్నే అడుగుతది.
ఒక్క తాన మారిస్తే అన్ని తాన్ల మారుతది.
ఈ సౌలతు నేను పెట్టిందే.
పెట్టిన నాడు సేటు మిఠాయి తెప్పిచ్చిండు.

యాసంగి కోతల నడుమ ఒక రాత్రి
డ్రయరు మేస్త్రి కాసిం వచ్చి
"పద్నాలుగు పెట్టు బిడ్డా, ఒక్క గంట,
బెల్టు ఎట్ల తిరుగుతదో చూద్దం" అన్నడు.
పెట్టిన.
బెల్టు మంచిగనే తిరిగింది.
చాయి తాగినం.
ఇంటికి పోయిన.

పొద్దుగాల ఏడున్నర కల్లా
గేటు నలభై ఒక్క ట్రాక్టర్లను ఎనుకకు తిప్పింది.
ఎవరినీ తిట్టలే, ఎవరినీ నూకలే.
నలభై ఒక్క ఫోన్లల్ల ఒక్కటే ముచ్చట:
మీ వడ్లల్ల తేమ ఎక్కువున్నది.
తెర మీద ఒక్క డబ్బ గూడ ఎర్రగ కాలే.
ఎందుకైతది?
చెప్పిన అంకెను చెప్పినట్టే విన్నది.

మా నాయిన గోడ గడియారాన్ని
పది నిమిషాలు ముందుకు తిప్పి ఉంచేటోడు.
ఇంట్ల అందరికీ ఎరుకే.
అమ్మ పది తీసేసి పొయ్యి ముట్టిచ్చేది,
అన్న పది తీసేసి ఇంకింత సేపు పండేటోడు.
ఒకపారి మా చిన్న మామ వచ్చి
"ఏందే, మీ గడియారం తప్పు నడుస్తున్నది" అని
మంచికే, స్టూలెక్కి, సరిచేసిండు.
మర్నాడు నడికుడి బండి అందరికీ తప్పిపోయింది.
సరైన టైము చూపెడుతున్న గడియారం కింద
సంచులు పట్టుకొని నిలవడి
ఒకరి మొఖం ఒకరు చూసుకున్నం.

పగటీలికి పదిహేడు మళ్ల పెట్టిన.
సరైందని చెప్పే డబ్బ మాత్రం
నేనెప్పుడూ కట్టలే.

ధీరావత్ పూల్‌సింగ్‌ది దామరచర్ల దిక్కు తండా.
వడ్లను మళ్ల రోడ్డు మీద పరిచిండు,
కాళ్లతోటి సాళ్లు తీసిండు,
లారీ పోయినప్పుడల్ల పట్టా అంచు ఎగిరితే
రాయి మీద రాయి పెట్టిండు.
రెండు ఎండలు.
నడుమ ఒక రాత్రి, వడ్ల పక్కనే, మొగులు చూసుకుంట.
మూడోనాడు కాంట మీదికొచ్చిండు.
మీటరు పదమూడున్నర చూపెట్టింది.
"మొన్న పదహారున్నరంటే వద్దంటిరి.
ఎండితే బరువు పోయె గద, అమ్మా.
ఆ పోయిన బరువు
మీ ఏ డబ్బల పడ్డది?"

తెరను కింది నుంచి మీదికి చూసిన.
అసొంటి డబ్బ లేదు.

ఇప్పుడు తేమను మూడు చేసిన:
గేటు తేమ, డ్రయరు తేమ, బిల్లు తేమ.
ఒకదాని గోస ఇంకొకదానికి తాకదు.
"ఒక్కదానికి మూడు తాన్ల రాయాల్నా?" అని సేటు.
రాయాలె అన్న.
కుర్చీ పక్కన ఒక నోటుబుక్కు గూడ పెట్టిన.
ఎవరు మార్చిన్రు, ఏ యాళ్లకు, ఎందుకు,
తిరిగి ఎప్పుడు పెట్టిన్రు, ఏం నష్టం.
కాసిం నవ్విండు, మళ్ల తనే స్కేలు తెచ్చి గీతలు కొట్టిండు.

మొదటి వరుసల నా పేరే రాసుకున్న.
రాత్రి తొమ్మిదింపావు. బెల్టు చూసేందుకు. ఒక్క గంట.
ఆఖరు గడి కాడికొచ్చి ఆగిన.
పూల్‌సింగ్ అడిగిన బరువు
కిలోలల్ల రాయాల్నో ఎండలల్ల రాయాల్నో తెల్వక
పెన్ను మూత పెట్టుకుంట, తీసుకుంట ఉన్న.
బయట కాంట మీద
ఇంకో ట్రాక్టరెక్కింది.
మొదటి డబ్బ లేచింది.